చాంద్రరోగి ఎవరు? మెదడు పరిశోధన, మన ప్రసంగపీఠము: ఒక విమర్శ

మత్తయి 17:14-18 వచనములపై మన ఉత్తర కోస్తా సంఘములలో ప్రతి సంవత్సరము ఎన్నో ప్రసంగములు జరుగుతున్నవి. వేసవి ఉజ్జీవ కూటములలోను, శుక్రవారపు ఉపవాస ప్రార్థనలలోను, ఇచ్ఛాపురము మొదలుకొని కొత్తవలస వరకు మేము విన్న ప్రసంగములలో (మేము చేసినవి కూడా వీటిలో చేరియున్నవి) ఈ భాగమునకు దాదాపు ఒకే అన్వయము వినబడుతున్నది. శిష్యులకు విశ్వాసము చాలలేదు, దయ్యము పోలేదు. ప్రభువు గద్దించెను, దయ్యము పోయెను. కాబట్టి మూర్ఛ వచ్చువారికిని మతి చలించినవారికిని కావలసినది గద్దింపు మాత్రమే. ఈ అన్వయములో వాక్యభాగములోని ఒక మాట జారిపోతున్నది.

ఆ మాట 'చాంద్రరోగి'. తండ్రి తన కుమారుని స్థితిని గూర్చి మొదట చెప్పిన మాట అదే. గ్రీకు మూలములోని క్రియ సెలేనియాజొమై. చంద్రునికి గ్రీకులో ఉన్న పేరు సెలేనే. దాని నుండి ఈ క్రియ పుట్టినది. క్రొత్త నిబంధన అంతటిలో ఇది రెండే చోట్ల, ఆ రెండును మత్తయి సువార్తలోనే (4:24, 17:15) కనబడును. మన తెలుగు అనువాదకులు దీనిని దయ్యము పట్టినవాడని సులభముగా తేల్చివేయక, రోగము పేరును రోగము పేరుగానే నిలిపియుంచారు. వారు నిలిపిన మాటను మనము పలుకుట మానివేశాము. ఈ మాటను పట్టుకొని, మానసిక రోగములకు మెదడులోని మూలములను వెదకిన పరిశోధన ఏమి కనుగొన్నది, ఏమి కనుగొనలేకపోయినది పరిశీలించి, దాని వెలుగులో మన ప్రసంగములను విమర్శింపదలచాము. ఈ విమర్శలో మా స్వంత లెక్క కూడా ఉన్నది.

మత్తయి వాడిన మాట

మత్తయి 4:24లో ప్రభువు నొద్దకు తేబడినవారిని సువార్తికుడు వరుసగా పేర్కొంటూ దయ్యము పట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువు గలవారిని వేరు వేరుగా చెప్పుచున్నాడు. దీనిని చూపించి, బైబిలునకు రోగమేదో దయ్యమేదో తేడా తెలియునని వాదించువారు గలరు. మేమును బి.డి. చదువు రోజులలో పరీక్ష పత్రములో అట్లే వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాము. ఆ సమాధానము సగమే సరియైనదని ఇప్పుడు అనిపిస్తున్నది. ఎందుకనగా 17వ అధ్యాయములో అదే చిన్నవాడు 15వ వచనములో చాంద్రరోగి. 18వ వచనములో వాని నుండి దయ్యము వదలిపోయినది, వాడు స్వస్థపడినాడు. ఒకే పిల్లవానికి మత్తయి రెండు మాటలను వాడి, రెంటిని విడదీయకుండ మన చేతికి ఇచ్చాడు. మార్కు 9:17-27లో లక్షణములు ఇంకను వివరముగా ఉన్నవి: నేలను పడుట, నురుగు కార్చుట, పండ్లు కొరుకుట, బిగుసుకొనిపోవుట, నిప్పులోను నీళ్లలోను పడుట, చివరకు చచ్చినవానివలె ఉండుట. ఈ రోజున ఏ ఆశా కార్యకర్త విన్నను ఇది ఫిట్స్ జబ్బు అని చెప్పును. అయినను మార్కు దీనిని మూగ ఆత్మ అనుచున్నాడు.

ఈ ముడి మన కాలములో పడినది కాదు. మూడవ శతాబ్దిలో ఓరిగెను మత్తయి సువార్తపై వ్యాఖ్యానము వ్రాస్తూ ఈ చోటనే ఆగాడు. వైద్యులు దీనిని శరీర రోగమంటారు, తలలోని తేమ చంద్రకాంతితో కలిగే సంబంధము చేత కదలుతుందంటారు. సువార్తను నమ్మిన మనము మాత్రము ఇది అపవిత్రాత్మ పని అంటాము అని ఆయన వ్రాసిన దాని సారాంశము. వైద్యుడు ఒకవైపు, విశ్వాసి మరియొకవైపు నిలబడిన ఆ చిత్రమే పదిహేడు వందల సంవత్సరములు దాటి మన కూటముల వేదిక మీదికి వచ్చినది. ఇక్కడ ఒక విచిత్రము ఉన్నది. ఓరిగెను త్రోసివేసిన వైద్యులు మూలము తలలో ఉన్నదనుటలో సరిగానే ఉన్నారు, చంద్రుడు కారణమనుటలో పొరబడ్డారు. అనగా ఆయన తప్పు సిద్ధాంతమును త్రోసివేయుచు దానితోపాటు సరియైన చోటును కూడా త్రోసివేశాడు.

చంద్రుని పేరు మాత్రము చాలా కాలము బ్రదికినది. లాటిను 'లూనా' నుండి వచ్చిన 'లూనటిక్' అను మాట ఇంగ్లీషువారి చట్టములతో మన దేశమునకు చేరినది. 1858 నాటి చట్టములోను, 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టములోను ఆ మాటయే ఉన్నది. 1987లో మానసిక ఆరోగ్య చట్టము చేయబడి, 1993లో అమలునకు వచ్చువరకు మన జిల్లాల నుండి చినవాల్తేరు ఆసుపత్రికి పంపబడిన రోగి చట్టము దృష్టిలో చంద్రుని చేత కొట్టబడినవాడే. మన దేశ వైద్యము ఈ విషయములో ముందుగానే జాగ్రత్త పడినది. చరకసంహిత చికిత్సాస్థానములో ఉన్మాదమునకు ఒక అధ్యాయము, అపస్మారమునకు మరొక అధ్యాయము ఉన్నవి. ఉన్మాదములో దోషముల వలన కలిగినదానిని, బయటి శక్తుల వలన కలిగినదని తలంచబడిన 'ఆగంతుక' ఉన్మాదమును మరల వేరు చేశారు. రెండు వివరణలను ఒకే గూటిలో ఉంచుకొనుట యూదయకు మాత్రమే చెందిన అలవాటు కాదని చెప్పుటకే దీనిని ఉదహరించాము.

మెదడును వెదకిన దారి

క్రీ.పూ. 400 ప్రాంతములో హిప్పొక్రాతు పేర ప్రచారములో ఉన్న గ్రంథ సముదాయములో 'పవిత్ర రోగము' అను చిన్న పుస్తకము ఉన్నది. ఈ రోగము తక్కిన రోగముల కంటె పవిత్రమైనది కాదు, దీని మూలము మెదడులో ఉన్నది అని దాని వాదము. తమకు తెలియనిదానిని దేవతల మీద త్రోసివేసి, బాగైతే తమ ఘనతగాను, బాగుకాకపోతే దేవతల కోపముగాను చెప్పుకొను మంత్రగాండ్రను ఆ రచయిత తీవ్రముగా విమర్శించాడు. ఆ విమర్శను చదివినప్పుడు మాకు మన కూటములే గుర్తుకు వచ్చినవి. బాగైతే దైవజనుని అభిషేకము, బాగుకాకపోతే తల్లిదండ్రుల అవిశ్వాసము!

ఆ వాదమునకు రుజువు దొరుకుటకు రెండువేల యేండ్లు పైగా పట్టినది. 1870 దశకములో లండనులో హ్యూలింగ్స్ జాక్సన్, మూర్ఛ అనగా మెదడులోని బూడిదరంగు పదార్థములో హఠాత్తుగా జరుగు మితిమీరిన విసర్జన అని వివరించాడు. జర్మనీలో మనోవైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనుష్యుని తల మీదనుండి మెదడు విద్యుత్తును నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. నేడు శ్రీకాకుళములోను విజయనగరములోను ఇ.ఇ.జి. అని తీయుచున్నది అదే. కాగితము మీద ఆ గీతలు పైకి లేచుట చూచిన తరువాత మూర్ఛరోగము పిచ్చాసుపత్రి గోడలు దాటి నరముల వైద్యుని గదికి వెళ్లిపోయినది.

రెండవ ఉదాహరణ ఇంకను కఠినమైనది. పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా పిచ్చాసుపత్రులలో ఎందరో ఒకే విధముగా చనిపోయేవారు: మొదట గొప్పలు చెప్పుకొనుట, తరువాత మతి చెడుట, పిమ్మట పక్షవాతము, మరణము. ఇది నైతిక పతనమునకు శిక్ష అని బోధించినవారు ఉన్నారు. 1913లో న్యూయార్కులో నొగూచి, మూర్ అనువారు అట్టి రోగుల మెదడులలో సిఫిలిసు క్రిమిని చూపించారు. పెన్సిలిన్ వచ్చిన తరువాత ఆ రోగముతో నిండిన వార్డులు ఖాళీ అయినవి. మూడవది మన కండ్ల యెదుట జరిగినది. 2007లో జోసెప్ డల్మౌ బృందము, శరీరపు రక్షణ వ్యవస్థ పొరబడి మెదడులోని ఎన్.ఎమ్.డి.ఎ. అను గ్రాహకముల మీద దాడి చేసే రోగమును వర్ణించినది. ఇది ఎక్కువగా యౌవన స్త్రీలకు వచ్చును. కొందరిలో అండాశయములోని గడ్డ దీనికి కారణము. నిన్నటివరకు బాగున్న అమ్మాయి ఉన్నట్టుండి భయపడును, లేనివారితో మాటలాడును, నోరు వంకరలు తిప్పును, చేతులు మెలికలు తిప్పును, బిగుసుకొనిపోవును, మాట పడిపోవును. మన ఊళ్లలో ఎవరు చూచినను 'గుంటకు గాలి సోకింది' అనే అంటారు; ఆ లక్షణములు మనము దయ్యము పట్టినదని వర్ణించు లక్షణములే. వెన్నుపూస నీటిని పరీక్షించి, సమయానికి చికిత్స చేసినచో ఇట్టివారిలో చాలమంది కోలుకుంటారు. 2007కు ముందు ఇట్టి అమ్మాయిలు ఎందరు ఏ ప్రార్థన మందిరముల నేల మీద, ఏ ఎజ్జోని ముగ్గులో చనిపోయారో దేవునికే తెలియును.

ఈ మూడింటిని కలిపి చూచిన ఒక సంగతి తేలుచున్నది. ఏ మానసిక రోగమునకు మెదడులో స్పష్టమైన కారణము దొరకినదో అది మానసిక రోగముల జాబితా నుండి తొలగిపోయి మరియొక వైద్యుని చేతికి పోవుచున్నది. కారణము తెలియనంతకాలము దానిని 'మనస్సు' అంటున్నాము, లేదా 'దయ్యము' అంటున్నాము. మన అజ్ఞానమునకు పెట్టిన పేరునే రోగమునకు కారణముగా బోధించుచున్నామేమో అని ప్రసంగికుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

మన జిల్లాలలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువు ఉన్నది. ఉద్దానము గ్రామములనే తీసుకొందము. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో మూత్రపిండముల జబ్బు ఎంతగా ప్రబలియున్నదో కాపరులకు మేము చెప్పనక్కరలేదు. ఆ సమాధుల యొద్ద ప్రార్థించినవారు మనమే. దాని మూలకారణము ఇప్పటికిని పూర్తిగా తేలలేదు. అయితే మూత్రపిండములు పనిచేయనప్పుడు రక్తములో పేరుకొనిన మలినములు మెదడును తాకి, మనిషి మతి తప్పి మాటలాడుట, పగలు నిద్రించి రాత్రి తిరుగుట, ఎదుటివారిని గుర్తుపట్టకపోవుట, ఫిట్స్ వచ్చుట జరుగునని వైద్యులకు తెలియును. డయాలసిస్ తరువాత చాలమందికి ఆ మబ్బు తొలగును. చనిపోయిన తండ్రి ఆత్మ కొడుకు మీదికి వచ్చినదని చెప్పబడిన ఇంటికి ఒకసారి మేము ప్రార్థనకు వెళ్లాము. తండ్రియు కిడ్నీ జబ్బుతోనే పోయినవాడు. కొడుకు కాళ్లు ఉబ్బియున్నవి. నోటినుండి మూత్రపు వాసన వచ్చుచున్నది. ఆ కుటుంబములో తరము నుండి తరమునకు వచ్చినది ఏమిటో అక్కడనే కనబడినది.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురము కొండ ప్రాంతములలో (2022 నుండి ఇవి పార్వతీపురం మన్యం జిల్లాలోనివి) మెదడుకు ఎక్కిన మలేరియా సంగతి అందరికి తెలిసినదే: రెండు రోజుల జ్వరము, ఆపై పిచ్చి మాటలు, ఫిట్స్, మృతి. ఇంకొకటి పందుల బద్దెపురుగు. ఆ పురుగు గ్రుడ్లు మలినమైన నీటి ద్వారా, కడుగని ఆకుకూరల ద్వారా కడుపులో చేరి, వాటి పిల్లలు మెదడులో తిత్తులు కట్టుకొనును. మన దేశములో ఫిట్స్‌కు ఇది ముఖ్య కారణములలో ఒకటి. పంది మాంసము ముట్టనివారికి కూడా ఇది వచ్చును. దయ్యములు పందులలోనికి పోయిన గెరాసేనుల కథను ప్రసంగించునప్పుడు ఈ పందుల సంగతిని కూడా ఒక మాట చెప్పి, చేతులు కడుగుకొనుటను గూర్చియు మరుగుదొడ్లను గూర్చియు బోధించినచో మన సంఘములకు మేలు కలుగును. ఆ సమాధులలోని మనుష్యునికి ఈ పురుగు ఉన్నదని మేము చెప్పుటలేదు. అట్లు చెప్పుట మరొక విధమైన పిచ్చి. దానిని గూర్చియే ఇప్పుడు వ్రాయవలసియున్నది.

మెదడు చెప్పనిది

ఇంతవరకు చదివినవారిలో కొందరు విద్యార్థులు, అట్లయితే అంతా మెదడే గదా అని అనుకొనియుందురు. గత కొద్ది సంవత్సరములుగా మన సెమినార్లలో ఈ ధోరణి కనబడుచున్నది. కుంగుబాటు అనగా సెరొటోనిన్ తక్కువగుట, స్కిజోఫ్రీనియా అనగా డోపమిన్ ఎక్కువగుట అని పలకమీద రెండు బాణములు గీసి ముగించుచున్నారు. దయ్యమును పేరు పెట్టి పిలిచిన ధీమాయే రసాయనమును పిలుచుటలోను వినబడుచున్నది.

వాస్తవము ఇంత సుళువు కాదు. డోపమిన్ సిద్ధాంతము మందుల నుండి వెనుకకు నడచి పుట్టినది. 1952లో పారిసులో క్లోర్‌ప్రోమజిన్ రోగులను శాంతపరచినది. అది డోపమిన్‌ను అడ్డగించునని తరువాత తెలిసినది. కాబట్టి రోగము దాని ఆధిక్యత అని ఊహించారు. మన దేశపు సర్పగంధి నుండి తీసిన రిసర్పిన్ కూడా ఆ రోజులలోనే పిచ్చికి మందుగా ప్రపంచమంతట వాడబడినది. మందు పనిచేయుట వేరు, రోగకారణము తెలియుట వేరు. తలనొప్పి మాత్రతో తగ్గినంత మాత్రమున ఆ మాత్ర లేకపోవుటయే తలనొప్పికి కారణమని ఎవరు అనరు గదా. 2022లో జోఆనా మోన్‌క్రీఫ్ మొదలగువారు దశాబ్దముల అధ్యయనములను కలిపి పరిశీలించి, కుంగుబాటు సెరొటోనిన్ తక్కువగుట వలన కలుగునని చెప్పుటకు నిలకడైన ఆధారము లేదని ప్రకటించారు. దానిపై వైద్యులలో వాదోపవాదములు జరిగినవి. అయితే అనేకులు, ఆ సులభమైన సూత్రమును మేము ఎప్పుడో విడిచిపెట్టాము అని అన్నారు. విడిచినవారు మనకు చెప్పి విడువవలసినది! మందులు పనిచేయుటలేదని దీని అర్థము కాదని మాత్రము ఇక్కడ గట్టిగా చెప్పవలెను.

స్కిజోఫ్రీనియా విషయములో పరిశోధన కొంత ముందుకు పోయినది. 2016లో హార్వర్డు శాస్త్రజ్ఞులు సి4 అను జన్యువును చూపి, యౌవనములో మెదడు తన కణముల మధ్య కూడళ్లను కత్తిరించుకొను పనిలో ఈ జన్యువు మితిమీరి పాల్గొనవచ్చునని సూచించారు. 2022లో ప్రపంచమంతట నుండి డెబ్బదివేలకు పైగా రోగుల జన్యు సమాచారమును పరిశీలించి 287 జన్యు స్థానములను గుర్తించారు. ఒక్కొక్క దాని ప్రభావము అతి స్వల్పము. ఇంత పని జరిగిన పిమ్మట కూడా, ఒక మనిషి తలను స్కాను తీసిగాని రక్తము తీసిగాని ఇతనికి స్కిజోఫ్రీనియా ఉన్నదని చెప్పగల పరీక్ష లేదు. వైద్యుడు ఇప్పటికిని కుర్చీ జరుపుకొని కూర్చుండి, రోగితోను ఇంటివారితోను మాటలాడియే నిర్ణయించుచున్నాడు.

మెదడును చూడకుండ మెదడును గూర్చి తెలియదు. ఇందుకొరకే బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో 1995లో మెదడు నిధి ఏర్పాటు చేయబడినది. చనిపోయినవారి బంధువులు అనుమతించినచో మెదడును భద్రపరచి పరిశోధకులకు ఇచ్చుచున్నారు. సంఘ సభ్యుడెవరైనను ఈ దానమును గూర్చి మనలను అడిగినచో, పునరుత్థాన దినమున మెదడు లేకుండ ఎట్లు లేచునని భయపెట్టువారు లేకపోలేదు. అగ్నిలో కాల్చబడిన హతసాక్షులను లేపగలిగిన దేవుడు సీసాలో ఉన్నదానిని ఎరుగకపోడు. 1 కొరింథీయులకు 15వ అధ్యాయములో పౌలు విత్తనమును గూర్చి చేసిన వాదన ఈ ప్రశ్నకు చాలును.

పౌలు మాట వచ్చినది గనుక మరొక ధోరణిని విమర్శింపవలెను. దమస్కు మార్గములో పౌలు చూచిన వెలుగు మూర్ఛరోగ లక్షణమని 1987లో లాండ్స్‌బరో అను వైద్యుడు ఒక పేరుపొందిన వైద్య పత్రికలో వ్రాశాడు. 2012లో మరికొందరు అబ్రాహామును, మోషేను, పౌలును, ప్రభువును సహితము మానసిక రోగ లక్షణముల కొలతతో కొలిచారు. వేదాంతియు వైద్యుడునైన ఆల్బర్ట్ ష్వైట్జర్ ఈ పనిని ముందే పరీక్షించాడు. యేసును మనోరోగి అని వ్రాసిన తన కాలపు వైద్యులకు జవాబుగా ఆయన 1913లో తన వైద్య పట్టా పరిశోధన వ్రాశాడు. చారిత్రకముగా నిలువని వచనముల మీద ఆధారపడి, ఆ కాలపు యూదుల నమ్మకములను ఎరుగక, రోగిని చూడకుండ రోగనిర్ణయము చేశారన్నది ఆయన వాదములోని ముఖ్య విషయము. ఆ విమర్శ అటువైపుకు ఎంత తగులునో ఇటువైపుకు అంతే తగులును. చూడనివానికి పుస్తకములో నుండి రోగము అంటగట్టిన వైద్యుడును, వేదిక మీదనుండి ఒక్క చూపుతో దయ్యమును పేరు పెట్టిన ప్రసంగికుడును చేసిన తప్పు ఒక్కటే. ఇద్దరును అడుగవలసినది అడుగలేదు.

ప్రభువు అడిగెను. మార్కు 9:21ని మన ప్రసంగములలో ఎవరు ఆగి చదువుటలేదు. పిల్లవాడు నేలపై పొర్లుచుండగా, గద్దింపునకు ముందు, ఇది వీనికి ఎంతకాలము నుండి కలుగుచున్నదని ఆయన తండ్రిని అడిగెను. ఆసుపత్రిలో చీటీ మీద వైద్యుడు వ్రాసికొను మొదటి ప్రశ్న అదే. అన్నియు ఎరిగినవాడు ఎందుకు అడిగెనన్నది ధ్యానింపదగినది. మా తలంపులో ఆ ప్రశ్న తండ్రి కొరకైనది. చిన్నప్పటి నుండి ఒంటరిగా మోసిన కథను ఆ తండ్రి మొదటిసారి ఒకరికి పూర్తిగా చెప్పగలిగాడు.

మా లెక్క

1990 దశకము చివరలో, పరిచర్యకు క్రొత్తగా వచ్చిన దినములలో, సముద్రపు ఒడ్డునున్న ఒక గ్రామములో మేము ఆ ప్రశ్న అడుగలేదు. పదకొండేండ్ల పిల్లవానికి ఫిట్స్. తల్లి గార్డినాల్ మాత్రలు వాడించుచున్నది; రెండేండ్లుగా పడిపోవుట తగ్గినది. మూడు రోజుల కూటములు ముగిసిన రాత్రి ఆమె వచ్చి, "అయ్యగారూ, మా గుంటడికి ఈ మాత్రలు ఇంకెన్నాళ్లండి?" అని అడిగినది. వైద్యుని అడుగవలసిన ప్రశ్న మమ్మును అడిగినది. మేము వైద్యుని వలె జవాబిచ్చాము. ప్రార్థించిన తరువాత మాత్ర మ్రింగుట సందేహమునకు గుర్తు అని చెప్పాము. ఆమె చేతిలోని పొట్లము మా ముందే పారవేసినది. మేము హల్లెలూయ అన్నాము.

గార్డినాల్ వంటి మందును హఠాత్తుగా ఆపినచో మెదడు ఊరకుండదు. అణచియుంచినది రెట్టింపై లేచును. నాలుగవ నాడు మొదలైన ఫిట్స్ ఆగలేదు. శ్రీకాకుళము చేరువరకు ఒకదాని మీద ఒకటి వచ్చినవి, అక్కడనుండి విశాఖపట్నము పంపించారు. పిల్లవాడు బ్రదికాడు. కుడి చేయి మునుపటివలె లేవలేదు, మాట ముద్దగా వచ్చును, బడికి మరల పోలేదు. ఆ తల్లి మమ్మును ఒక్క మాట అనలేదు. తన విశ్వాసమే చాలలేదని ఆమె ఇరుగుపొరుగువారితో చెప్పుకొన్నదట. మేము నేర్పించిన వేదాంతము ఆమెకు అంత బాగుగా వచ్చినది.

మన ఆచారములు మెదడు మీద ఎట్లు పనిచేయునో తరువాతనే నేర్చుకొన్నాము. రాత్రంతయు సాగు ప్రార్థనలలో నిద్ర లేకపోవుట మూర్ఛరోగికి ఫిట్స్ తెప్పించును. బైపోలార్ రోగము గలవారికి అదే నిద్రలేమి ఉన్మాదపు ఉత్సాహమును రేపగలదు. తెల్లవారుజామున అతడు ఆగకుండ ప్రవచించుచుండగా ఆత్మ దిగివచ్చెనని మనము ఆనందించుచుందుము. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ ఆ రోగమునకు లిథియము పనిచేయునని చూపించాడు. ఆ మాత్రలు వాడువారు మే నెల ఎండలో నీళ్లు కూడా త్రాగక ఉపవాసముండినచో రక్తములో లిథియము పెరిగి విషమగును. దానిని బయటికి పంపవలసినది మూత్రపిండములే. ఉద్దానములో ఉపవాస కూటములు జరిపించు కాపరి ఈ ఒక్క వాక్యమును బైబిలు అట్ట లోపల వ్రాసికొన్నను మంచిదే. మార్కు 9:29లో 'ఉపవాసము' అను మాట సీనాయి, వాటికను ప్రతుల మొదటి పాఠములో లేదని సెమినరీలో చదువుకొన్న మనము ఆ మాట మీదనే ఇన్ని కూటములు కట్టుట ఆలోచింపదగినది. ఆరోగ్యవంతుల ఉపవాసమును మేము కాదనుటలేదు.

విజయనగరములో నివసించిన గురజాడవారి కన్యాశుల్కములో దయ్యమును సీసాలో బంధించితినని చెప్పు పూజారి గవరయ్యను చదివి మనము నవ్వుదుము. మన కూటములలో నూనె సీసాలు అమ్మబడునప్పుడు నవ్వుటలేదు.

జర్మనీలో అన్నెలీసె మీకెల్ అను కథోలిక విద్యార్థిని మూర్ఛరోగమునకు చికిత్స పొందుచుండి, అరువదికి పైగా దయ్యము వెళ్లగొట్టు ఆరాధనలకు లోనై, చివరకు తిండి మాని 1976లో శుష్కించి చనిపోయినది. 1978లో ఇద్దరు గురువులను, తల్లిదండ్రులను న్యాయస్థానము దోషులుగా నిర్ణయించినది. వారు ఆమెను ప్రేమించినవారే. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో దర్గా చేరువలోని ఒక వసతి గృహములో అగ్ని లేచినప్పుడు గొలుసులతో కట్టబడియున్న మానసిక రోగులు పారిపోలేక 28 మంది చనిపోయారు. అది మన మతస్థలము కాదని చేతులు దులుపుకొనుటకు వీలులేదు. రోగిని మందిరము వెనుక స్తంభమునకు కట్టి స్వస్థత కొరకు కనిపెట్టుటను మేము మా కన్నులతో చూచియున్నాము. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసుతో బంధించుటను ఏ విధముగాను నిషేధించినది. సమాధులలో నివసించినవానిని గొలుసులతో కట్టినవారు ఊరివారు. ప్రభువు వచ్చిన తరువాత వాడు వస్త్రములు ధరించుకొని కూర్చుండియుండెను.

దయ్యములు లేవని వ్రాయుటకు ఈ వ్యాసము ఉద్దేశింపబడలేదు. ఆ చిన్నవానికి మత్తయి వాడిన రెండు మాటలలో ఒకదానిని కొట్టివేయుటకు మాకు అధికారము లేదు. అయితే ఏది ఎక్కడ ముగియునో తెలియనప్పుడు, తెలిసినదానికి ముందుగా లోబడుట న్యాయము. ఎంతకాలము నుండి? జ్వరమున్నదా? కాన్పు ఎప్పుడైనది? తలకు దెబ్బ తగిలెనా? కాళ్లు ఉబ్బినవా? ఏ మాత్రలు వాడుచున్నారు, ఎవరు ఆపమన్నారు? ఇవి అడుగుటకు బి.డి. పట్టా కూడా అక్కరలేదు. శ్రీకాకుళములో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. విజయనగరములో 2023 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల నడచుచున్నది. నెల్లిమర్లలో మిమ్స్ ఉన్నది. 2022 అక్టోబరు నుండి టెలిమానస్ వారు 14416 అను నంబరుకు ఫోను చేసినవారితో ఉచితముగా మాటలాడుచున్నారు.

ఆ పిల్లవానికి ఇప్పుడు నలువదేండ్లు దగ్గరపడుచున్నవి. ఎడమచేతితో వలల ముడులు సరిచేయును. మాత్రలు వాడుచున్నాడు. నెలకొకసారి అతని తల్లి చీటీ తెచ్చి మా చేత చదివించుకొనును. ఏది ఉదయము, ఏది రాత్రి అని అడుగును. మేము చదివి చెప్పి, ఆమె కోరినచో ప్రార్థించుచున్నాము.